గిటార్ పిక్ ఎలా ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా గిటార్ పట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం పిక్ (వేళ్ల మధ్య పట్టుకుని తీగలు మీటే చిన్న పలక) గురించే ఉంటాయి. ఏ మందం కొనాలి, చెమటకి జారిపోతోంది ఏం చెయ్యాలి, టకటకమని శబ్దం ఎందుకు వస్తోంది... అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నేను గట్టిగా నమ్మే మాట మాత్రం ముందే చెబుతాను: మొదట మందం చూడండి, తర్వాత ఆకారం, ఆ తర్వాతే మెటీరియల్. రంగు, బొమ్మ, దాన్ని వాడే పెద్ద గిటారిస్టు పేరు వీటన్నిటి తర్వాత.

## కొనేముందు

పిక్ అసలు అవసరమా? వేళ్లతో వాయిస్తే సరిపోదా?

నైలాన్ తీగలుండే క్లాసికల్ గిటార్ అయితే వేళ్లతో, గోళ్లతోనే వాయించండి. ఆ సంగీతం అలాగే పెరిగింది. స్టీలు తీగల అకౌస్టిక్, ఎలక్ట్రిక్ గిటార్లకు మాత్రం పిక్ అలవాటు చేసుకోవడం మంచిది. స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ ఒక ఊపులో మీటడం) చేస్తే గోరు త్వరగా అరిగిపోతుంది. వేలి కండతో కొడితే శబ్దం మెత్తగా వచ్చి పక్కన పాడేవాళ్ల గొంతు కింద అణిగిపోతుంది. మన వాద్యాలకూ ఇది కొత్త కాదు. సితార్ వాయించేవాళ్లు చూపుడు వేలికి తీగతో చేసిన మిజ్రాబ్ తొడుక్కుంటారు. సరోద్‌ను మీటే పిక్ పేరు "జవా", దాన్ని కొబ్బరి చిప్పను నున్నగా అరగదీసి చేస్తారు. తీగకూ చేతికీ మధ్య గట్టి వస్తువు ఉంటే ప్రతి స్వరం మొదలూ స్పష్టంగా వినిపిస్తుంది.

ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి పిక్ ఏ మందం కొనాలి?

ఒకటే కొనాలంటే 0.73 మి.మీ. దగ్గర్లో ఉన్నది కొనండి. కానీ ఒకటి కొనొద్దు, మూడు కొనండి: 0.60, 0.73, 0.88. మూడూ ఒకే కంపెనీవి, ఒకే ఆకారంవి అయ్యుండాలి. అప్పుడే మీకు వినిపించే తేడా మందం వల్ల వచ్చిందని తెలుస్తుంది. మీకు బాగా వచ్చిన ఒక్క పాట తీసుకుని వారం రోజులు రోజుకో పిక్ మార్చి వాయించండి. వారం తిరిగేసరికి మీ చెయ్యి దేన్ని వెతుక్కుంటోందో మీకే తెలిసిపోతుంది. షాపులో నిలబడి రెండు నిమిషాల్లో తేల్చుకునే విషయం కాదిది.

పిక్ మీద అంకెలు ఉంటాయి కదా, వాటి అర్థం ఏంటి? రంగుకీ మందానికీ సంబంధం ఉందా?

ఆ అంకె మందం, మిల్లీమీటర్లలో. స్థూలంగా 0.60 లోపు పల్చనివి, 0.60 నుంచి 0.80 దాకా మీడియం, 0.80 నుంచి 1.2 దాకా మందమైనవి, ఆపైన బాగా మందమైనవి అంటారు. హద్దులు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. అందుకే "మీడియం" అన్న మాట కంటే అంకెను నమ్మండి. కొన్ని కంపెనీలు మందాన్ని రంగుతో చెబుతాయి. డన్‌లప్ వాళ్ల టార్టెక్స్ పిక్‌లలో ఎరుపు 0.50, నారింజ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0, ఊదా 1.14. ఈ రంగుల లెక్క వేరే కంపెనీకి వర్తించదు.

50 పిక్‌ల ప్యాకెట్ చవగ్గా దొరుకుతోంది. కొనేయనా?

ప్రతి పిక్ మీదా మందం అచ్చు వేసి ఉంటే, అంచులు నున్నగా ఉంటే కొనొచ్చు. మందం లేకుండా రంగురంగుల బొమ్మలు మాత్రమే ఉన్న ప్యాకెట్ వద్దు. అందులో ఒకటి నచ్చినా, అది పోయిన రోజు మళ్లీ అలాంటిదాన్ని ఎలా కొంటారు? అచ్చు పోసినప్పటి గరుకు అంచు కొన్నిటికి అలాగే మిగిలి ఉంటుంది, అది తీగను గీకుతుంది. విడిగా కొన్నా పిక్ పెద్ద ఖర్చు కాదు. గిటార్ శబ్దాన్ని ఇంత తక్కువ డబ్బుతో మార్చగలిగే వస్తువు ఇంకోటి లేదు.

పాత ఏటీఎం కార్డు కత్తిరించి పిక్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. బ్యాంకు కార్డుల మందం 0.76 మి.మీ. అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అంటే సరిగ్గా మీడియం పిక్ మందం. కాలం చెల్లిన కార్డు మీద మీ పిక్ పెట్టి గీత గీసి కత్తిరించండి. చిప్, నంబర్లు లేని చోట పిక్ కత్తిరించుకుని, మిగతా కార్డు మొత్తాన్ని ముక్కలు చేసి పారేయండి. అంచులను సన్న గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దడం మరవకండి. ఆ ప్లాస్టిక్ మెత్తనిది కాబట్టి త్వరగా అరుగుతుంది. అవసరానికి ఆదుకుంటుంది, రోజువారీ సాధనకు సరిపోదు.

మా పాపకి ఎనిమిదేళ్లు. చిన్న చేతికి చిన్న పిక్ కొనాలా?

చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి చిన్న పిక్ పట్టుకోవడమే కష్టం. పిల్లలకు మూడు మూలలూ సమానంగా ఉండే పెద్ద త్రికోణం పిక్ ఇవ్వండి, మందం 0.60 దగ్గర్లో. చేతిలో తిరిగినా ఏదో ఒక మూల తీగకు తగులుతుంది, కాబట్టి పాట మధ్యలో ఆగి సర్దుకోవాల్సిన పని ఉండదు. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే మాత్రం జాగ్రత్త, పిక్ ఇట్టే నోట్లో పెట్టుకునే వస్తువు.

## నేర్చుకునే తొలి నెలల్లో

పిక్ ఎలా పట్టుకోవాలి? ఎంత బయటికి కనిపించాలి?

చెయ్యి వదులుగా సగం ముడిచి, చూపుడు వేలు పక్క భాగం మీద పిక్ పెట్టి, పైన బొటనవేలు ఆనించండి. మొన బొటనవేలికి దాదాపు అడ్డంగా ఉండాలి. తీగకు తగిలే వైపు నాలుగైదు మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. స్ట్రమ్మింగ్‌కి ఇంకాస్త ఎక్కువ, లీడ్‌కి (ఒక్కో తీగ మీటుతూ ట్యూన్ వాయించడానికి) ఇంకాస్త తక్కువ. పట్టు బిగువు గురించి నేను చెప్పే కొలత ఒకటే: ఎదుటి మనిషి లాగితే పిక్ కొంచెం ఇబ్బందిగా అయినా బయటికి వచ్చేయాలి. రాకపోతే మీరు మరీ బిగించారు. ఆ బిగువు మణికట్టు దాకా పాకుతుంది, పావుగంటలో చెయ్యి నొప్పెడుతుంది.

చెమటకి పిక్ జారిపోతోంది. ఏం చెయ్యాలి?

మే నెలలో విజయవాడలోనో విశాఖలోనో వాయించేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. నున్నగా మెరిసే పిక్ వదిలేయండి. టార్టెక్స్ లాంటి మెరుపు లేని, సుద్దముక్కలా పొడిగా అనిపించే పిక్ గానీ, పట్టు దగ్గర ఉబ్బెత్తు చుక్కలున్న నైలాన్ పిక్ గానీ వాడండి. మధ్యలో రంధ్రం ఉన్నవీ దొరుకుతాయి. వేలి కండ ఆ రంధ్రంలోకి కొద్దిగా దిగి పట్టు దొరుకుతుంది. ఉన్న పిక్కే వాడాలంటే, వేళ్లు ఆనే చోట రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దండి, లేదా సూదితో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి. మొనను మాత్రం ముట్టుకోవద్దు.

వాయిస్తుంటే పిక్ వేళ్ల మధ్య తిరిగిపోతోంది. నా తప్పేనా?

మొదటి రెండు మూడు నెలలు అందరికీ తిరుగుతుంది, టెన్షన్ పడకండి. కారణం ఎక్కువసార్లు పట్టులో ఉండదు, పిక్ తీగలోకి మరీ లోతుగా దిగడంలో ఉంటుంది. లోతుగా దిగితే తీగ ఎదురు తోస్తుంది, పిక్ పక్కకి మళ్లుతుంది. తీగ పైపైన తగిలేలా వాయించి చూడండి. పాటలో కార్డు (chord, కలిపి పలికే స్వరాల గుంపు) మారేటప్పుడు దొరికే చిన్న ఖాళీలో బొటనవేలితో పిక్ సర్దుకోవడం కూడా ఒక నైపుణ్యమే. ఏళ్ల తరబడి వాయిస్తున్నవాళ్లూ అది చేస్తూనే ఉంటారు, మనకు కనబడదంతే.

తీగల శబ్దం కంటే పిక్ టకటకే ఎక్కువ వినిపిస్తోంది. ఎందుకు?

పల్చని పిక్ వంగి, తీగను దాటగానే తిరిగి చటుక్కున నిటారవుతుంది. ఆ చప్పుడే మీరు వింటున్నది. రికార్డింగ్‌లో మైకు దగ్గరగా పెడితే ఇంకా బయటపడుతుంది. ఒక మెట్టు మందం పెంచండి. 0.50 వాడుతుంటే 0.73కి వెళ్లండి. తర్వాత చెయ్యి బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చోటు) దగ్గర నుంచి సౌండ్‌హోల్ (మధ్యలో ఉండే గుండ్రటి రంధ్రం) వైపు కొంచెం జరపండి, శబ్దం నిండుగా, గుండ్రంగా వస్తుంది. అయితే టకటక ఎప్పుడూ చెడ్డది కాదు. డ్రమ్స్ లేని పాటలో ఆ చప్పుడే తాళంలా పనికొస్తుంది.

అప్‌స్ట్రోక్‌లో (కింది నుంచి పైకి మీటేటప్పుడు) పిక్ తీగలకు తట్టుకుని ఆగిపోతోంది. మందమైన పిక్ వల్లా?

మందం కొంత కారణం, కోణం ఎక్కువ కారణం. పిక్ తీగలకు పూర్తిగా నిటారుగా ఉంటే గోడలా అడ్డం పడుతుంది. పైకి వెళ్లేటప్పుడు మొన కొద్దిగా నేల వైపు, కిందికి వచ్చేటప్పుడు కొద్దిగా పైకప్పు వైపు వాలనివ్వండి. పెయింటర్ గోడకి బ్రష్ ఆడించేటప్పుడు కుంచె వెనక్కి వాలినట్టు. దీనికి మణికట్టు వదులుగా ఉంటే చాలు. మొత్తం ఆరు తీగలూ కొట్టాలన్న పట్టుదల కూడా వద్దు. అప్‌స్ట్రోక్‌లో సన్న తీగలు మూడు పలికితే సరిపోతుంది.

## మీ వాయింపుకు తగ్గట్టు

నేను చర్చిలో, ఫ్రెండ్స్ మధ్యలో పాటలకు కార్డులే వాయిస్తాను. నాకు ఏది మంచిది?

0.50 నుంచి 0.73 మధ్యలోది. మన దగ్గర చాలామంది చేతికి గిటార్ మొదట వచ్చేది చర్చి క్వయర్‌లోనే. అక్కడి పని గంటసేపు ఆగకుండా స్ట్రమ్మింగ్ చెయ్యడం. పల్చని పిక్ తీగ తగలగానే వంగుతుంది. అందువల్ల ఆరు తీగలూ దాదాపు సమానంగా పలుకుతాయి, ఏదో ఒక తీగ పొడుచుకొచ్చినట్టు వినిపించదు, చెయ్యి త్వరగా అలవదు. గొంతుల వెనక గలగలమనే పరదాలా నిలబడుతుంది.

దానికో పరిమితి ఉంది. హాల్లో జనం గట్టిగా పాడేటప్పుడు శబ్దం పెంచాలని ఎంత బలంగా కొట్టినా పల్చని పిక్ ఇంకా వంగుతుందే తప్ప బలం తీగకు చేరదు. మైకు, పికప్ (గిటార్ శబ్దాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) లేకుండా వాయించాల్సి వస్తే 0.73 దాకా వెళ్లండి. 0.012 తీగలు (అన్నిటికన్నా సన్న తీగ మందం 0.012 అంగుళం) వేసిన పెద్ద అకౌస్టిక్ గిటార్‌కైతే అదే నా మొదటి ఎంపిక.

స్ట్రమ్మింగ్ చేస్తాను, మధ్యలో చిన్న లీడ్ ముక్కలూ వాయిస్తాను. రెండిటికీ ఒకే పిక్ ఉందా?

0.73 నుంచి 0.88. ఆ మధ్యలో ఉన్న మందం స్ట్రమ్మింగ్‌కి సరిపడా వంగుతుంది, ఒక్కో తీగ మీటేటప్పుడు సరిపడా గట్టిగా నిలుస్తుంది. తేడా మీ వేళ్లతో తెచ్చుకోవాలి. స్ట్రమ్మింగ్ అప్పుడు వెనక్కి పట్టుకుని మొన ఎక్కువ బయటికి వదలండి, లీడ్ వచ్చినప్పుడు ముందుకు పట్టుకుని మొన తగ్గించండి. బయటికి ఎంత తక్కువ ఉంటే పిక్ అంత గట్టిగా ప్రవర్తిస్తుంది.

లీడ్ స్పీడ్‌గా రావట్లేదు. పిక్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందా?

పిక్ వేగాన్ని ఇవ్వదు, కానీ తప్పు పిక్ వేగాన్ని కచ్చితంగా ఆపుతుంది. పల్చని పిక్‌తో ఆల్టర్నేట్ పికింగ్ (ఒకసారి కిందికి, ఒకసారి పైకి మార్చి మార్చి మీటడం) చేస్తే ప్రతి స్వరానికీ పిక్ వంగి మళ్లీ నిటారు అయ్యేదాకా మీ చెయ్యి ఆగాలి. 1.0 మి.మీ. పైన ఉన్న పిక్ వంగదు, చెయ్యి కదిలిన క్షణమే తీగ పలుకుతుంది. మొన సన్నగా ఉంటే తీగకు తగిలే భాగం తక్కువ, అడ్డు తక్కువ.

ఇందుకే లీడ్ వాయించేవాళ్లలో డన్‌లప్ జాజ్ 3 అంతగా పాకింది. చిన్న శరీరం, వాడి మొన, 1.38 మి.మీ. మందం. పెద్ద పిక్ నుంచి దానికి మారితే మొదటి వారం వేళ్ల మధ్య పిక్ లేనట్టే అనిపిస్తుంది, స్ట్రమ్మింగ్ అయితే ఘోరంగా వస్తుంది. రెండు వారాలు ఓపిక పట్టి, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నెమ్మదిగా పెట్టుకుని వాయించాకే అది మీకు సరిపడుతుందో లేదో తేల్చండి.

డిస్టార్షన్ (ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని గరగరలాడేలా చేసే ఎఫెక్ట్) పెట్టి హెవీ రిథమ్ వాయిస్తాను. ఎంత మందం కావాలి?

1.0 నుంచి 1.5 మధ్య చాలామందికి సరిపోతుంది. అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి లావు తీగల మీద వరసగా డౌన్‌స్ట్రోక్‌లు (పై నుంచి కిందికి మీట్లు) కొట్టేటప్పుడు పిక్ వంగితే ప్రతి దెబ్బా వేరేలా వినిపిస్తుంది. డిస్టార్షన్ ఆ తేడాలను ఇంకా పెద్దవి చేసి చూపిస్తుంది. తీగలు వదులు చేసి కింది శ్రుతిలో వాయించేవాళ్లకు మందమైన పిక్ మరీ అవసరం.

సినిమా పాటల ట్యూన్లు, కర్ణాటక కీర్తనలు స్వరం స్వరంగా వాయించాలని ఉంది. దానికి ఎలాంటి పిక్?

మందమైనది, మొన కొంచెం గుండ్రంగా ఉన్నది. పాట లాంటి శబ్దం కావాలంటే మీటు తక్కువగా, స్వరం ఎక్కువగా వినిపించాలి. వాడి మొన అయితే ప్రతి స్వరం ముందూ ఒక గిచ్చు లాంటి చప్పుడు వినిపిస్తుంది. 1.0 పైన ఉండి గుండ్రటి మొన ఉంటే ఆ గిచ్చు మెత్తబడుతుంది. కర్ణాటక సంగీతంలో ఒక్క మీటు మీద గమకం మొత్తం ఎడమచేతి మీదుగా సాగుతుంది, కాబట్టి ఆ మొదటి మీటు నిండుగా పడాలి. పిక్‌తో కర్ణాటక సంగీతం పలకదని ఎవరైనా అంటే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను వినమనండి. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద పిక్‌తోనే ఆయన రాగాలను ఆలపించారు.

వేళ్లతో వాయించడం ఇష్టం, కానీ బేస్ తీగలు గట్టిగా వినిపించాలి. పిక్ లేకుండా దారి ఉందా?

బొటనవేలికి ఉంగరంలా తొడుక్కునే థంబ్ పిక్ వాడండి. అమెరికాలో మెర్ల్ ట్రావిస్, చెట్ ఆట్‌కిన్స్ అనే గిటారిస్టులు వాయించిన పద్ధతి అదే. బొటనవేలు లావు తీగల మీద తాళం నడుపుతుంటే మిగతా వేళ్లు ట్యూన్ పలికిస్తాయి. కొనేటప్పుడు వేలికి పెట్టి చూడండి. వదులైతే తిరుగుతుంది, బిగువైతే పాట అయ్యేసరికి వేలి కొస ఎర్రబడుతుంది. ప్లాస్టిక్‌ది బిగువుగా ఉంటే వేడి నీళ్లలో కాసేపు ఉంచి కొద్దిగా విప్పుకోవచ్చు.

బేస్ గిటార్‌కి, ఉకులేలేకి గిటార్ పిక్కే వాడొచ్చా?

బేస్‌కి పెద్ద త్రికోణం, 0.88 పైన. ఉకులేలే తీగలు నైలాన్ తరహావి, గట్టి పిక్ వాటిని త్వరగా పాడుచేస్తుంది. దానికి మందమైన ఉన్ని ముద్దలా ఉండే ఫెల్ట్ పిక్ గానీ, వేళ్లు గానీ మేలు.

నా ఫేవరెట్ గిటారిస్టు వాడే పిక్కే కొంటే ఆ సౌండ్ వస్తుందా?

క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే పిక్ బదులు పాత బ్రిటిష్ ఆరు పెన్నీల నాణెం వాడతారు. దాని గరుకు అంచు తీగకు రాసుకున్నప్పుడు వచ్చే చిన్న గీత శబ్దం ఆయన వాయింపులో భాగం. ఆయన తీగలు సన్నవి, చెయ్యి తేలిక, గిటార్ తండ్రితో కలిసి తయారుచేసుకున్నది. ఇవేవీ లేకుండా నాణెం ఒక్కటీ తెచ్చుకుంటే తీగలు అరుగుతాయి. అభిమానంతో ఒకటి కొనుక్కోండి, తప్పులేదు. మీ రోజువారీ పిక్‌ను మాత్రం మీ చేతికి, మీ తీగలకు సరిపడేలా ఎంచుకోండి.

## ఆకారం, మెటీరియల్

సెల్యులాయిడ్, నైలాన్, టార్టెక్స్... తేడా నిజంగా వినిపిస్తుందా?

వినిపిస్తుంది. మందం తేడా అంత కాదు గానీ, చెవి పెడితే తెలుస్తుంది. సెల్యులాయిడ్ పాత కాలపు మెటీరియల్. అమెరికాలో డాండ్రియా కంపెనీ 1920లలోనే దానితో పిక్‌లు చేయడం మొదలుపెట్టింది. శబ్దం వెచ్చగా, సహజంగా ఉంటుంది, అకౌస్టిక్ స్ట్రమ్మింగ్‌కి బాగా నప్పుతుంది. దాన్ని నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి తయారుచేస్తారు. అందుకే మంట అంటుకుంటే భగ్గుమంటుంది, దీపం దగ్గర పెట్టకండి. త్వరగా అరుగుతుంది కూడా.

నైలాన్ మెత్తగా వంగుతుంది, తేలిగ్గా విరగదు. శబ్దం మృదువుగా ఉంటుంది. ఒకే మందంలో సెల్యులాయిడ్ కంటే నైలాన్ పల్చగా అనిపిస్తుంది కాబట్టి నైలాన్ కొనేటప్పుడు ఒక మెట్టు ఎక్కువ మందం తీసుకోవడం నా అలవాటు. టార్టెక్స్ తరహా పిక్‌లు డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. పొడిగా ఉండి పట్టు నిలుస్తుంది, శబ్దం స్ఫుటంగా ఉంటుంది, చాలాకాలం మన్నుతుంది. అల్టెక్స్ అనే ఇంకో ప్లాస్టిక్ ఇంకా గట్టిది, ఇంకా చురుకైన శబ్దం. ఏది ఎంచుకోవాలో తెలియనివాళ్లకు నేను డెల్రిన్‌దే ఇస్తాను.

"టార్టాయిజ్ షెల్" అని రాసి ఉంది. నిజంగా తాబేలు చిప్పతో చేస్తారా?

ఇప్పుడు షాపుల్లో దొరికేవి ఆ గోధుమ రంగు మచ్చల డిజైన్ వేసిన సెల్యులాయిడ్ పిక్‌లే. ఒకప్పుడు నిజంగానే హాక్స్‌బిల్ అనే సముద్ర తాబేలు చిప్పతో చేసేవారు. ఆ జాతి అంతరించే స్థితికి రావడంతో 1970లలో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. 1981లో వచ్చిన టార్టెక్స్ ఆ చిప్ప లక్షణాలను ప్లాస్టిక్‌లో తీసుకురావాలన్న ప్రయత్నమే. ఎవరైనా అసలైన చిప్ప పిక్ అమ్ముతామంటే కొనకండి. మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం.

మొన వాడిగా ఉన్నది మంచిదా, గుండ్రంగా ఉన్నదా?

వాడి మొన చురుకైన, స్పష్టమైన శబ్దం ఇస్తుంది, ఒక్కో తీగను ఎంచి మీటడానికి బాగుంటుంది. గుండ్రటి మొన శబ్దాన్ని వెచ్చగా చేస్తుంది, స్ట్రమ్మింగ్‌లో తీగలకు తట్టుకోదు. కొత్త పిక్ కొనకుండానే ఈ తేడా వినొచ్చు: మామూలు పిక్‌ను తిప్పి వెనక గుండ్రటి మూలతో అదే పాట వాయించండి. చాలామంది మంచి గిటారిస్టులు ఎప్పుడూ ఆ మూలతోనే వాయిస్తారు.

మెటల్ పిక్ ఎక్కువకాలం వస్తుంది కదా, అదే కొంటే?

పిక్ అరగదు, తీగలు అరుగుతాయి. గిటార్ చెక్క మీద గీతలూ పడతాయి. తీగల సెట్ ధర పిక్ ధరకు ఎన్నో రెట్లు కాబట్టి లెక్క కూడా కుదరదు.

## వాడకం, అరుగుదల

పిక్ ఎప్పుడు మార్చాలి?

మొనను వెలుతురుకి పెట్టి చూడండి. ఒక వైపు ఏటవాలుగా చెక్కినట్టు కనిపిస్తే, అంచు మీద వేలు రాస్తే రంపంలా తగిలితే, మార్చేయండి. రోజూ గంట స్ట్రమ్మింగ్ చేసేవాళ్ల సెల్యులాయిడ్ పిక్ కొన్ని వారాల్లోనే ఆ స్థితికి వస్తుంది. మందమైన పిక్ అయితే అరిగిన మొనను సన్న గరుకు కాగితం మీద రుద్ది, తర్వాత జీన్స్ గుడ్డ మీద గట్టిగా పాలిష్ చేస్తే మళ్లీ పనికొస్తుంది. అరుగుదల ఎప్పుడూ ఒకే వైపు ఉంటే మీ చెయ్యి పిక్‌ను ఒక కోణంలో పట్టుకుంటోందని అర్థం. అది తప్పేమీ కాదు, తెలుసుకుంటే మంచిది.

పిక్ సౌండ్‌హోల్‌లో పడిపోయింది. ఎలా తీయాలి?

తీగలు విప్పక్కర్లేదు. గిటార్‌ను ముందు వైపు పైకి ఉండేలా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచి, పిక్‌ను సౌండ్‌హోల్ కిందికి జరపండి. అది కనిపించాక ఒక్కసారిగా గిటార్‌ను బోర్లించండి, తీగల మధ్య నుంచి కింద పడుతుంది. మొదటిసారి రాకపోతే మళ్లీ చేయండి, కుదుపవద్దు. లోపల పికప్ వైర్లు ఉన్న గిటార్ అయితే ఇంకా నిదానంగా.

స్టేజీ మీద పాట మధ్యలో పిక్ జారి పడిపోతే?

వంగి వెతక్కండి. చూపుడు వేలి గోటితో డౌన్‌స్ట్రోక్‌లు కొడుతూ పాట నడిపించండి, చరణం అయ్యాక రెండో పిక్ తీసుకోండి. ఆ రెండో పిక్ జేబులో ఉంటే చేతికి దొరకదు. పిక్‌గార్డు (గీతలు పడకుండా గిటార్ మీద ఉండే రేకు) అంచున ఇరికించో, మైకు స్టాండుకు టేపుతో అంటించో ముందే పెట్టుకోండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు కావాలనే పిక్ వదిలేసి పాట ఆపకుండా వేలితో కొనసాగించడం నాలుగైదు సార్లు చేసి చూడండి. ఆ తర్వాత స్టేజీ మీద పిక్ పడినా తాళం పోదు.